డెబియన్ మీద ఐత్రీ, టీమక్స్: నాలుగేళ్ల వాడకం తర్వాత

డెబియన్ లినక్స్ మీద, కిటికీలను తెరంతా పరిచి అమర్చే ఐత్రీ, ఒక్క టెర్మినల్లోనే (కమాండ్లు కొట్టే కిటికీ) చాలా సెషన్లు నడిపే టీమక్స్: ఇదీ నా సెటప్. పారదర్శక టెర్మినళ్లు, రంగురంగుల బార్‌ల కోసమైతే ఈ సెటప్ జోలికి రావద్దు. కీబోర్డు మీంచి చెయ్యి తియ్యకుండా పని జరగాలి, రాసిన కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) ఏళ్లతరబడి కదలకూడదు అనుకునేవాళ్లకి ఇది. ఆ రెండో విషయంలో ఐత్రీకి వంక పెట్టలేం. 2011లో వచ్చిన నాలుగో వెర్షన్ కాన్ఫిగ్ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. డెబియన్ 12 నుంచి 13కి మారినప్పుడు ఒక్క లైనూ దిద్దాల్సి రాలేదు.

మొదటి లాగిన్‌లోనే మాడ్ కీ (ఐత్రీ షార్ట్‌కట్లకి కలిపి నొక్కే కీ) ఏదని అడుగుతుంది. ఆల్ట్ వద్దు, సూపర్ (విండోస్ గుర్తున్న కీ) ఎంచుకోండి. ఆల్ట్ ఇస్తే బ్యాష్‌లో (టెర్మినల్లో కమాండ్లు అందుకునే ప్రోగ్రాం) కర్సర్ తర్వాతి పదాన్ని చెరిపే ఆల్ట్+డి నొక్కినప్పుడు పదం చెరగదు, ప్రోగ్రాంల మెనూ తెరుచుకుంటుంది.

ఐత్రీ ఇచ్చేది ఖాళీ ఇల్లు, సామాను మనమే తెచ్చుకోవాలి. టచ్‌ప్యాడ్ మీద తడితే క్లిక్ అవదు. టచ్‌ప్యాడ్‌ని నడిపే లిబ్ఇన్‌పుట్‌లో ట్యాపింగ్ ఆన్ చేసే చిన్న ఫైలు ఎక్స్‌ఆర్గ్ (తెర మీద కిటికీలు చూపించే ప్రోగ్రాం) కాన్ఫిగ్ ఫోల్డర్‌లో పెట్టాలి. చాలామంది మర్చిపోయేది లాక్. మూత వేసినప్పుడు లాక్‌ని పిలిచే ఎక్స్ఎస్ఎస్ లాక్, తెరకి తాళం వేసే ఐత్రీలాక్ రెండూ కలిపి స్టార్టప్‌లో పెట్టకపోతే మూత వేసి తీసిన ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ అడక్కుండానే తెరుచుకుంటుంది.

టీమక్స్‌లో మార్చాల్సినవి రెండే. వెనక్కి స్క్రోల్ చేసే హద్దు మొదట్లో 2,000 లైన్లే, పెద్ద బిల్డ్ లాగ్‌కి చాలదు, 50,000 పెట్టుకోండి. 3.5కి ముందు వెర్షన్లలో ఎస్కేప్ టైమ్ (ఎస్కేప్ నొక్కాక టీమక్స్ ఆగి చూసే సమయం) 500 మిల్లీసెకన్లు. విమ్ ఎడిటర్‌లో ఎస్కేప్ నొక్కాక అర సెకను తడబాటు అందుకే. 10కి దించితే పోతుంది. బ్యాష్ హిస్టరీ కూడా డెబియన్‌లో 1,000 కమాండ్ల దగ్గర ఆగుతుంది. దాన్ని పెంచి, టైప్ చేసేకొద్దీ వెతికిపెట్టే ఎఫ్‌జెడ్‌ఎఫ్ పెట్టుకుంటే, పాత కమాండ్లు వెతికే కంట్రోల్+ఆర్ విలువ అప్పుడు తెలుస్తుంది.

డాట్‌ఫైళ్లు (హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫైళ్లు) మార్పుల చరిత్ర దాచే గిట్‌లో, అక్కణ్నుంచి హోమ్‌కి లింకులు గ్నూ స్టో చేతిలో. స్టోలో అడాప్ట్ ఆప్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త: హోమ్‌లో ఉన్న పాత ఫైలును తెచ్చి రెపోలోని (గిట్ చూసుకునే ఫోల్డర్) మీ ఫైలు మీద కూర్చోబెడుతుంది. ముందు కమిట్ చేసి (అప్పటి రూపాన్ని గిట్‌లో భద్రపరిచి), తర్వాత వాడి, ఏం మారిందో గిట్ డిఫ్‌లో చూడండి. ఇంకొకరి డాట్‌ఫైళ్లు గంపగుత్తగా తెచ్చుకోవడం దండగ. అందులో ఏది చెడినా ఎక్కడ వెతకాలో తెలియదు.

అసలు తలనొప్పి తెలుగుతోనే. వేరే భాషల్లో టైప్ చేయించే ఐబస్, తెలుగు లేఅవుట్లు ఉండే దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, ఐఎం కాన్ఫిగ్ అనే ప్రోగ్రాంలో ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అవ్వాలి. ఇంత చేసినా భాష మారదు! ఐబస్ మార్పు కీ సూపర్+స్పేస్, ఐత్రీలో తేలే కిటికీలకీ పరిచిన కిటికీలకీ మధ్య ఫోకస్ మార్చేదీ మాడ్+స్పేసే. ఐత్రీ ముందే పట్టేసుకుంటుంది కాబట్టి ఐబస్ దాకా ఏమీ వెళ్లదు. ఐత్రీ కాన్ఫిగ్‌లో ఆ లైను తీసేసి సూపర్+షిఫ్ట్+ఆర్ కొట్టి ఐత్రీని మళ్లీ మొదలుపెడితే సరి. తెలుగు టైపింగ్ పద్ధతుల్లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్ రెండూ ఉన్నాయి.

టైప్ చెయ్యడం కుదిరినా టెర్మినల్లో చదవడం కష్టమే. టెర్మినల్‌కి తెర అంతా గళ్ల నోటుబుక్కు, ఒక్కో అక్షరం ఒక్కో గడిలో పడాలి. మన వత్తులు ఆ లెక్కకి లొంగవు. చాలా టెర్మినళ్లలో 'పుస్తకం' అని కొడితే తావత్తు కిందికి దిగదు. 'స్' ఒక గడిలో, 'త' పక్క గడిలో నిలబడతాయి, కొమ్ముకీ సున్నాకీ చెరో గడి పోతుంది. కేడీఈ వాళ్ల కాన్సోల్ అనే టెర్మినల్లో వత్తులు కాస్త నయం, కర్సర్ మాత్రం ఒక్కోసారి దారి తప్పుతుంది. తెలుగు వ్యాసాలు రాయడానికి మామూలు గ్రాఫికల్ ఎడిటరే మేలు.

ఫైళ్లకి తెలుగు పేర్లు పెట్టొచ్చు. గిట్ స్టేటస్‌లో మాత్రం పేరు బదులు \340\260 లాంటి అంకెల గుంపు కనిపిస్తుంది. ఫైలు పాడవలేదు, గిట్ కాన్ఫిగ్ 'కోర్' విభాగంలో కోట్‌పాత్‌ని ఫాల్స్ చేస్తే తెలుగు వస్తుంది. ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, లినక్స్‌లో డిస్కు మీద ఫైళ్లు దాచే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో పేరుకి హద్దు 255 బైట్లు. అంటే గుణింతాలు, పొల్లులు విడిగా లెక్కేసుకుని 85 సంకేతాలే. పొడుగాటి వ్యాసం శీర్షికనే ఫైలు పేరుగా పెడితే సేవ్ అవకపోవడానికి కారణం ఇదే.