ప్రొస్టేట్ క్యాన్సర్: ఆపరేషనా, రేడియేషనా? గోదావరి డెల్టా మనిషికి ఏది మేలు?

క్యాన్సర్ ప్రొస్టేట్ గ్రంథి దాటి పోలేదని తేలితే డాక్టర్లు సాధారణంగా రెండు దారులు చెబుతారు: గ్రంథిని తీసేయడం, లేదా రేడియేషన్ ఇవ్వడం. నేను ఆపరేషన్ చేయించుకున్నాను. పాలకొల్లులో ఉండే మా వియ్యంకుడు రేడియేషన్‌కు వెళ్ళారు. ఇద్దరి పీఎస్‌ఏ, అంటే రక్తపరీక్షలో ఈ జబ్బు జాడ చెప్పే అంకె, అదుపులోనే ఉంది కనుక ఎవరిది మంచి నిర్ణయం అన్న వాదన ఏ శుభకార్యంలో కలిసినా మళ్ళీ మొదలవుతుంది. నా మాట ఒక్కటే: ప్రాణం విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ తర్వాత గడిపే రోజుల్లో ఉంది, ఎంచుకోవలసింది ఆ రోజులనే.

ఇది నా ఊహ కాదు. బ్రిటన్‌లో 50 నుంచి 69 ఏళ్ళ మధ్య వయసున్న 1,643 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్ ఇచ్చి, మూడో గుంపును పరీక్షలతో కనిపెట్టుకుని ఉన్నారు. 15 ఏళ్ళ ఫలితాలు 2023లో వచ్చాయి. ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు మూడు గుంపుల్లోనూ 3 శాతం దగ్గరే. అయితే వాళ్ళు ముందుగా పరీక్ష చేయించుకుని దొరికినవాళ్ళు. మన వైపు మూత్రం బిగిసిపోయాకో, నడుము నొప్పి ఎంతకీ వదలకపోతేనో కదా ఆసుపత్రి మెట్లెక్కేది! జబ్బు ఎముకలకు పాకిన వారికి ఈ పోలికే వర్తించదు. బయాప్సీలో, అంటే గ్రంథి ముక్క తీసి చేసే పరీక్షలో, జబ్బు తీవ్రత చెప్పే గ్లీసన్ స్కోరు 6 అని వస్తే మాత్రం, వెంటనే ఏదో ఒకటి చేయించుకోవాలన్న కంగారు వద్దు. కనిపెట్టుకుని ఉండే మూడో దారి నాకు కుదురుతుందా అని డాక్టరును అడగండి.

ఆపరేషన్ వసూలు చేసే పన్ను, మూత్రం ఆగకుండా కారడం. పైన చెప్పిన అధ్యయనంలోనే, ఆరు నెలలప్పుడు ప్యాడ్ వాడుతున్నవారు ఆపరేషన్ గుంపులో 46 శాతం, రేడియేషన్ గుంపులో 5 శాతం. ఆరేళ్ళకు ఆపరేషన్ గుంపు 17 శాతానికి దిగింది. రాత్రి పడుకున్నప్పుడు ఇబ్బంది ముందుగా తగ్గుతుంది. కుర్చీలోంచి లేచినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా పగలు చుక్కలు పడుతూనే ఉంటాయి. పంచె కట్టే అలవాటున్నవారికి ఒక చిక్కు: లోపల బిగువైన చెడ్డీ లేకపోతే ప్యాడ్ నిలవదు. జీవితమంతా పంచెల్లో గడిపిన నేను షాపువాడి ముందు నిలబడి చెడ్డీల కొలతలు చెప్పాల్సి వచ్చింది. గాలి పోకుండా బిగబట్టినట్టు కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం ఆపరేషన్‌కు ముందే నేర్చుకోవాలి. ఆపరేషన్‌లో మూత్రం బయటికి పోవడానికి పెట్టే గొట్టం ఉన్నన్నాళ్ళూ ఆపి, తీసేశాక మళ్ళీ మొదలుపెట్టాలి.

రేడియేషన్ పన్ను వేరు. మా వియ్యంకుడికి ప్యాడ్ అవసరం రాలేదు. కానీ మాటిమాటికీ మూత్రం, మంట, విరేచనాలు. కొందరికి నెలలో, ఏళ్ళో గడిచాక మలంలో రక్తం కనిపిస్తుంది. చికిత్స రోజుల్లో మూత్రాశయం నిండుగా, మలాశయం ఖాళీగా ఉంచుకుని యంత్రం కింద పడుకోవాలి. నీళ్ళు తాగి ఆపుకుని కూర్చోవడమే ఆయనకు అన్నిటికంటే పెద్ద శిక్షట. దీనికి తోడు, జబ్బు తీవ్రతను బట్టి హార్మోన్ ఇంజెక్షన్లు కొందరికి ఆరు నెలలు, కొందరికి రెండు మూడేళ్ళు నడుస్తాయి. ఒళ్ళంతా ఆవిర్లు, నీరసం, బరువు పెరగడం. “బావగారూ, మీరు తడిస్తే బట్ట మార్చుకుంటారు. రోహిణి కార్తెలో లోపలినుంచి సెగ పుడితే నేనేం మార్చుకోను?” అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మన నేల సంగతి కూడా లెక్కలోకి రావాలి. రేడియేషన్ వారానికి అయిదు రోజుల చొప్పున ఇప్పుడు చాలామందికి నాలుగు వారాలు, అంటే 20 సార్లు ఇస్తున్నారు. తగినవారికి అయిదు సార్లతో ముగించే పద్ధతీ వచ్చింది. రోజూ వెళ్ళిరావడమంటే పాలకొల్లు నుంచే కష్టం. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో గది తీసుకోవడం నయం. లంక గ్రామాలవారైతే జులై, ఆగస్టు నెలలను తప్పించుకుని తేదీలు అడగాలి. 2022 జులై వరదలో ఊళ్ళకు ఊళ్ళు పడవల మీదే ఆధారపడ్డాయి. చికిత్స మధ్యలో రోజులు పోగొట్టుకోవడం మంచిది కాదు.

ఆపరేషన్‌లో ప్రయాణాలు తక్కువ, కానీ ఇంట్లో గడిపే గొట్టం రోజులు సుమారు వారం నుంచి రెండు వారాలు. మూత్రం సంచి ఎప్పుడూ నడుముకంటే కిందే ఉండాలి. హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో వచ్చేవారికి కింది బెర్తు తప్పనిసరి, మధ్యమధ్య లేచి నడవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: గొట్టం మూసుకుపోయినా, జారి బయటికి వచ్చినా ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరును పిలిచి మళ్ళీ పెట్టించకూడదు. మూత్రాశయాన్నీ మూత్రనాళాన్నీ కలిపి కుట్టిన చోటు ఇంకా పచ్చిగా ఉంటుంది, గుడ్డిగా తోస్తే చిరిగిపోతుంది. ఆపరేషన్ చేసిన బృందానికి ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లోని యూరాలజిస్టు (మూత్ర సంబంధ జబ్బుల డాక్టరు) దగ్గరికి వెళ్ళాలి. అర్ధరాత్రి వశిష్ఠ గోదావరికి ఏ ఒడ్డున యూరాలజిస్టు ఉన్నాడో డిశ్చార్జికి ముందే కనుక్కుని పెట్టుకోవడం ఇంట్లోవాళ్ళ పని. ముక్కి విరేచనానికి వెళ్ళకూడదు. సుమారు ఆరు వారాలు కొబ్బరి గెల ఎత్తడం, మోటారు సైకిల్ ఎక్కడం బంద్.

రోబో యంత్రంతో చేసే ఆపరేషన్ విషయానికొస్తే, కోత చిన్నది, రక్తం తక్కువ పోతుంది, ఇంటికి త్వరగా వస్తారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో దాన్ని పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌తో పోల్చి చూస్తే, రెండేళ్ళ తర్వాత మూత్రం, దాంపత్యం విషయాల్లో తేడా కనిపించలేదు. కాబట్టి రోబో కోసం పొలం అమ్మొద్దు. డాక్టరు ఇలాంటివి ఎన్ని చేశాడో అడగండి, యంత్రం కంటే ఆ చెయ్యి ముఖ్యం. 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీ కింద మీ చికిత్సకు ఏమి వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగాకే డబ్బు కట్టండి.

దాంపత్యం సంగతి ఎవరూ అడగరు కాబట్టి చెబుతున్నాను. ఆపరేషన్ దాన్ని ఒక్కసారిగా దెబ్బ తీస్తుంది. గ్రంథి పక్కనుంచి పోయే నరాలు మిగిల్చి చేస్తే ఏడాది, రెండేళ్ళలో కొంత తిరిగి రావచ్చు, షుగరు ఉంటే ఆశ తగ్గుతుంది. రేడియేషన్‌లో హార్మోన్ ఇంజెక్షన్లు లేకపోతే అది నెమ్మదిగా తగ్గుతుంది. నరాలు మిగల్చడం కుదురుతుందా అన్నది ముందే అడగాలి, భార్య పక్కనే ఉండగా.

70 లోపు వయసు, మంచి గుండె, ముందు ముందు చాలా ఏళ్ళు ఉన్న మనిషికి నేను ఆపరేషన్ వైపే ఓటు వేస్తాను. తీసేశాక పీఎస్‌ఏ 0.1 లోపుకు దిగాలి, 0.2 దాటి నిలిస్తే జబ్బు తిరిగొచ్చినట్టు. లెక్క తేటగా తెలుస్తుంది, అవసరమైతే రేడియేషన్ ఇంకా చేతిలో ఉంటుంది. రేడియేషన్ అయ్యాక ఆపరేషన్ చాలా కష్టం. అక్కడ పీఎస్‌ఏ కూడా నెలల తరబడి నెమ్మదిగా దిగుతుంది, అంతవరకూ ఓపిక పట్టాలి. 75 దాటినవారికి, గుండెకు స్టెంట్లు వేయించుకున్నవారికి, మత్తుమందు పడనివారికి మా వియ్యంకుడి దారే నయం. ఏదైనా, సంతకం పెట్టేముందు సర్జన్‌నూ, రేడియేషన్ డాక్టరునూ విడివిడిగా కలవండి. ఎవరి దుకాణం సరుకు వాళ్ళు మెచ్చుకుంటారు. బయాప్సీ రిపోర్టు, ఎంఆర్ఐ ఫిల్ములు ఒకే సంచిలో పెట్టుకుని ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: మీ నాన్నగారికైతే ఏది చేయిస్తారు, ఎందుకు?