తలకోనలో గైడుకిచ్చిన 1,500

తలకోన జలపాతం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 270 అడుగుల పైనుంచి నీళ్లు బాగానే పడుతున్నాయి, మా చిన్నది గంటసేపు బయటికి రానంది. తిరుపతి నుంచి కారుకు రానూపోనూ 3,800. గది 1,600, శుభ్రంగా ఉంది. నెరబైలులో రాగి సంగటి, నాటుకోడి పులుసు మనిషికి 180; మా ఆయన రెండో ముద్ద అడిగి మరీ తిన్నాడు. నా కడుపుమంటంతా గైడు మీద.

బస దగ్గర తనే వచ్చి పలకరించాడు. "అరుదైన చెట్లన్నీ చూపిస్తా మేడమ్, 1,500 ఇవ్వండి" అన్నాడు. బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని, శేషాచలం చెట్లంటే ప్రాణం లేచొస్తుంది. బేరం కూడా ఆడలేదు.

మొదటి అరగంట బాగుంది. ఏనుగు తొండంలా మెలికలు తిరిగిన గిల్లతీగ చూపించాడు. ఎర్రచందనం కాయ ఒకటి కింద దొరికితే మా చిన్నది అరచేతిలో పెట్టుకుంది: చుట్టూ పల్చటి రెక్క, నడుమ గింజ ఉబ్బు. తర్వాత సాంబ్రాణిలాంటి బంక కారే కొండగుగ్గిలం చెట్టు దగ్గర ఆగాం. కాగితం పొరల్లా లేచే బెరడు. తూర్పు కనుమల్లో తప్ప ఈ చెట్టు ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టదు. నేనా మాట పిల్లకు చెబుతుండగానే అతను నడుములోంచి కత్తి తీసి బెరడు మీద ఒక్క వేటు వేశాడు. తెల్లటి బొట్టు ఊరింది. "వాసన చూడండి, ఫోటో తీసుకోండి" అన్నాడు.

అప్పుడు చూశాను. మోకాలెత్తు నుంచి తలెత్తు దాకా పాత గాట్లు 11. ఎండి నల్లబడినవి కొన్ని, ఇంకా బంక కారుతున్నవి కొన్ని. మాలాగే డబ్బిచ్చి వచ్చినవాళ్ల లెక్క అది. నాకు తల కొట్టేసినట్టయింది.

"చెట్టును కోసి చూపించేదేంది నాయనా? రాలింది ఏరి చూపిస్తే చాలదా?" అంది మా అత్త. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. పైగా నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "మదనకామాక్షి కావాలా మేడమ్? వేళ్లతో సహా తవ్వి తెస్తా, 2,000" అన్నాడు.

మదనకామాక్షి అంటే ఈ కొండల సైకస్. చిన్న ఈతచెట్టులా ఉంటుంది, ఏళ్లూ పూళ్లూ పడితే గాని ఎదగదు. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ఒకదాన్ని పెకలిస్తే రెండోది గింజ కట్టే దారి పోతుంది. మగ కంకులను మందులకని కోసుకుపోవడం ఉండనే ఉంది. వన్యప్రాణి చట్టంలో 1991లో మొక్కలకు విడిగా జాబితా చేర్చినప్పుడు అందులో పెట్టినవి ఆరే, వాటిలో ఇదొకటి. అడవి నుంచి తవ్వడం నేరం. ఇదంతా అతనికి చెప్పాను. "అందరూ అడుగుతారు మేడమ్" అన్నాడు.

డబ్బు వెనక్కిమ్మన్నాను. మా ఆయనేమో "అడవిలో గొడవెందుకు, వదిలెయ్" అని నన్నే కసిరాడు. పైసా తిరిగి రాలేదు. మేమిద్దరం రాత్రి భోజనం దాకా మాట్లాడుకోలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బస దగ్గర తగిలే గైడుకు ముందే డబ్బు చేతిలో పెట్టొద్దు. కత్తి తెస్తే రామని మొహం మీదే చెప్పండి. మొక్క తెచ్చిస్తానంటే అటవీ శాఖవాళ్లకు చెప్పండి. నేను అక్కడికక్కడే చెప్పి ఉండాల్సింది, ఇంటికొచ్చి రాతపూర్వకంగా పంపాను.

మా అత్త మాత్రం ఆ చెట్టు దగ్గర్నుంచి వెంటనే కదల్లేదు. మామిడి కొమ్మ కొట్టినప్పుడు ఇంటి దగ్గర చేసినట్టే, వాగులోంచి బంకమట్టి తెచ్చి ఆ కొత్త గాటు మీద బొటనవేలితో అదిమి మెత్తింది. నేనూ, చిన్నదీ మిగతా పచ్చి గాట్లకు మెత్తాం. భాకరాపేట దాటేదాకా కారంతా సాంబ్రాణి వాసన, మా ముగ్గురి చేతుల నుంచే.