మంగలి కత్తి, రెండంచుల బ్లేడు, కార్ట్రిడ్జి: గడ్డానికి ఏది మేలు?

గడ్డం గీసుకునే సాధనాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి గాని, కొత్తది రాగానే పాతది పనికిరానిదైపోలేదు. మడతపెట్టే మంగలి కత్తి, పల్చటి బ్లేడును బిగించుకునే రేజరు, తల భాగాన్నే మార్చుకునే కార్ట్రిడ్జి రేజరు ఇప్పటికీ మన కళ్లముందే ఉన్నాయి. చర్మం, శుభ్రత, ఖర్చు ఈ మూడింటినీ బట్టి చూస్తే, ఇంట్లో రోజూ గీసుకునేవారికి నేను రెండోదాన్నే సూచిస్తాను.

పనితనంలో మంగలి కత్తికి సాటి లేదు. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో కరిగించి మేలైన ఉక్కును తీయడంతో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణపు కత్తులకు గొప్ప పేరు వచ్చింది. అలాంటి కత్తి జాగ్రత్తగా వాడితే తండ్రి నుంచి కొడుకుకు అందుతుంది. అయితే గీసే ముందు ప్రతిసారీ దాన్ని తోలుపట్టీ మీద నూరాలి, అప్పుడప్పుడు సాన పట్టాలి, అన్నిటికీ మించి చెయ్యి తిరిగి ఉండాలి. ఎదుటివారి చెంప మీద సులువుగా నడిచే కత్తి, అద్దంలో చూసుకుంటూ సొంత గొంతు దగ్గరికి తెచ్చేసరికి భయపెడుతుంది. 18వ శతాబ్దంలోనే పారిస్‌లో కత్తులు చేసే ఝాఁ ఝాక్ పెరే అంచుకు చెక్క తొడుగు అమర్చింది ఈ భయాన్ని తీర్చడానికే.

మంగలి దుకాణాల్లో వచ్చిన చిక్కు వేరు. ఒకే అంచు పదిమంది ముఖాల మీద నడిస్తే రక్తం ద్వారా హెపటైటిస్ బి వంటి జబ్బులు సోకవచ్చు. అందుకే ఇప్పుడు మన సెలూన్లలో బ్లేడును సగానికి విరిచి కత్తిలో బిగిస్తున్నారు. తిరుమల కల్యాణకట్టలోనూ తలనీలాలు తీసేది బ్లేడు అంచే. పిడి పాత కత్తిది, పదును మాత్రం రెండంచుల బ్లేడుది. నా దృష్టిలో ఇంతకంటే మంచి కలయిక లేదు.

ఆ బ్లేడు వెనుక కథ అమెరికా వ్యాపారి కింగ్ క్యాంప్ జిలెట్‌ది. వాడి పారేసే పల్చటి ఉక్కు రేకు అన్న ఆలోచన ఆయనకు 1895లో వచ్చింది. అంత పల్చటి రేకును గట్టిపరచి పదును పెట్టడం సాధ్యం కాదని నిపుణులు అన్నా, విలియం నికర్సన్ అనే ఇంజినీరు దాన్ని సాధించాడు. అమ్మకాలు మొదలైన 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు దాదాపు 35 లక్షల రేజర్లు అందాక, ఎవరి గడ్డం వారే గీసుకోవడం ఇళ్లలో అలవాటుగా స్థిరపడింది.

కార్ట్రిడ్జిలో 1971 నాటికి రెండు బ్లేడ్లు వచ్చాయి, 1998కి మూడయ్యాయి, 2006కి ఐదయ్యాయి. కదిలే తల ముఖపు ఒంపులకు తగ్గట్టు ఒదుగుతుంది కనుక చేతులు వణికే పెద్దవారికి, మంచం పట్టినవారికి గడ్డం గీసేవారికి ఇదే మేలు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. విమాన ప్రయాణంలో చేతిసంచిలో విడి బ్లేడును రానివ్వరు గనుక అక్కడా ఇదే దిక్కు. కానీ ముందు బ్లేడు వెంట్రుకను లాగితే వెనుకది చర్మం మట్టానికి దిగువన కోస్తుంది. ఉంగరాల గడ్డమున్న వారిలో ఆ మొన తిరిగి చర్మంలోకే పెరిగి కురుపులు లేస్తాయి. ఒకే అంచుతో, వెంట్రుక వాలు వెంట, గట్టిగా నొక్కకుండా గీస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఖర్చు సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు: ఒక కార్ట్రిడ్జి ధరకు ఎన్నో బ్లేడ్లు వస్తాయి, పైగా పారేసేది ప్లాస్టిక్ కలవని లోహం.

ఉక్కుకంటే ఎన్నో రెట్లు మెత్తనైన వెంట్రుక బ్లేడును ఎలా మొద్దుబారుస్తుందో 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద గమనించారు. వెంట్రుక వంగి ఒరిగినచోట, అంచులోని బలహీన భాగాల దగ్గర సన్నని పెచ్చులు లేస్తున్నాయి. నీళ్లలో నానిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది కాబట్టి, ఏ రేజరు వాడేవారైనా స్నానం తర్వాత, నురగ పట్టించి కాస్త ఆగి గీసుకోవడం మంచిది.

రెండంచుల బ్లేడుకున్న అసలు లోపం వాడేశాక తెలుస్తుంది. పాత అమెరికన్ ఇళ్లలో స్నానాల గది అలమరకు సన్నని చీలిక ఉండేది. అందులో వేసిన బ్లేడ్లు గోడ లోపల పేరుకునేవి. మన ఇళ్లలో అవి నేరుగా చెత్తబుట్టలోకి వెళ్లి, చెత్త ఎత్తే మనిషి చేతిని కోస్తాయి. మూతకు గాటు పెట్టిన చిన్న రేకు డబ్బా ఒకటి అద్దం పక్కన ఉంచితే ఏళ్ల తరబడి వాడిన బ్లేడ్లన్నీ అందులో పడతాయి. నిండాక మూతను టేపుతో బిగించి పాత ఇనుము కొనేవారికి, లోపల ఏముందో చెప్పి ఇవ్వాలి.