డాక్టరు గదిలో నోట్సు: విని రాసే ఏఐ మేలా, పక్కన టైప్ చేసే మనిషి మేలా?

విశాఖ మహారాణిపేటలో క్లినిక్ పెట్టుకున్నా, ఎంవీపీ కాలనీలో పెద్దవాళ్ల ఇళ్లకెళ్లి సేవలందిస్తున్నా ఈ ప్రశ్న తప్పదు.

ఖర్చు: విని రాసే ఏఐ యాప్‌కి చందా, మంచి మైకు. మనిషికి జీతం, పైగా సెలవుల టెన్షన్.

శ్రమ: యాప్ వెంటనే డ్రాఫ్ట్ ఇస్తుంది, కానీ ప్రతి లైనూ చదివి సరిచేశాకే సంతకం పెట్టాలి కాబట్టి మిగిలిందనుకున్న టైములో కొంత అక్కడే పోతుంది. మనిషికి మొదట్లో నేర్పాలి, తర్వాత హాయి.

రిస్కు: అసలు గొడవంతా ఇక్కడే. పాడేరు నుంచో పలాస నుంచో వచ్చిన పెద్దాయన తన యాసలో చెబుతుంటే, మధ్యలో కూతురు అందుకుంటుంటే, 'సుగర్ లేదు' అన్నదాంట్లో 'లేదు' జారిపోతే చాలు, కేసు తలకిందులే. మాటల్ని అక్షరాల్లోకి మార్చే ఓపెన్‌ఏఐ వారి విస్పర్ మోడల్ అయితే ఎవరూ అనని మాటలు కూడా రాసిన సందర్భాలున్నాయి. మనిషీ తప్పు వింటాడు, కాకపోతే "ఏటన్నారు?" అని మళ్లీ అడుగుతాడు.

గోప్యత: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, రికార్డింగ్‌కి ముందే రోగిని అడగండి, ఆడియో ఎక్కడ, ఎన్నాళ్లు ఉంచుతారో కంపెనీ చేత రాయించుకోండి. (టైప్ చేసే మనిషి బయట చెప్పే కబుర్లని ఆపడానికి మాత్రం ఏ సెట్టింగూ లేదు.)

ఫాలోఅప్‌లు ఎక్కువ, గది నిశ్శబ్దం, చదివి సరిచేసే ఓపిక ఉందా, యాప్ తీసుకోండి. మానసిక సమస్యలు, కొత్త కేసులు, టీవీ మోగుతున్న ఇంట్లో చూడాల్సిన వృద్ధులైతే మనిషే నయం.