టిబెట్ దండయాత్ర దారిలో: జులుక్, నాథాంగ్, కుపుప్

సిక్కిం వెళ్లే మనవాళ్లు ఎక్కువగా గ్యాంగ్‌టక్, చాంగు చెరువు, నాథులా చూసుకుని వచ్చేస్తారు. చరిత్ర మీద ఏ కాస్త ఇష్టం ఉన్నా రొంగ్లీ మీదుగా జులుక్, నాథాంగ్, కుపుప్ దారి పట్టమంటాను. 1903 డిసెంబరులో బ్రిటిష్ అధికారి యంగ్‌హస్బెండ్ వెంట బ్రిటిష్ ఇండియా సైన్యం ఈ వైపు నుంచే జెలెప్ లా కనుమ దాటి టిబెట్‌లోకి దిగింది. అప్పట్లో టిబెట్ బయటివాళ్లను రానిచ్చేది కాదు. అక్కడ రష్యా పాగా వేస్తుందేమోనని వైస్రాయ్ కర్జన్‌కు భయం.

ఈ దారికి కావలసిన పర్మిట్ రొంగ్లీలో ఇస్తారు. "అన్నీ మేం చూసుకుంటాం సార్" అన్న ఏజెంటు తీరా ఆ రోజు పొద్దున ఫోన్ ఎత్తలేదు. ఫొటోలు, ఐడీ జిరాక్సులు మన దగ్గరే ఉంచుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

జులుక్ దాదాపు పది వేల అడుగుల ఎత్తు. హోంస్టే గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, దుప్పట్లకు లోటు లేదు. అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర వేడివేడిగా పెట్టారు. పక్కన వేసిన డల్లే మిరపకాయ పచ్చడి ఆవకాయ తిని పెరిగిన నాకే కళ్ల నీళ్లు తెప్పించింది.

నాథాంగ్ ఇంకా పైన ఉంటుంది. రేకుల ఇళ్లు, ఒకటే గాలి, ఫోన్ సిగ్నల్ దోబూచులాట. తెల్లారి బకెట్లో నీళ్ల మీద మంచు పెచ్చు కట్టింది. ఇంటి దీదీ దాన్ని మగ్గుతో టక్కున పగలగొట్టి, పొయ్యి మీది కెటిల్లోంచి వేణ్నీళ్లు కలిపి ఇచ్చింది. సౌకర్యాలకు మార్కులు వేయాలంటే జులుక్‌కే. అయినా నేను మళ్లీ వెళ్తే నాథాంగ్‌లోనే ఉంటాను, కారణం అక్కడి సమాధులు. 1888లో టిబెటన్లతో ఇక్కడే జరిగిన పోరు నాటి బ్రిటిష్ సైనికులవి. డ్రైవర్లు "పది నిమిషాలే" అని తొందర పెడతారు. రాత్రి అక్కడే ఉంటే ఎవరూ తరమరు.

కుపుప్ దగ్గర జెలెప్ లా కనుమ వైపు కొండలు చూపిస్తారు, పైకి మాత్రం మమ్మల్ని వదల్లేదు. అవతల టిబెట్‌లో 1904 మార్చి 31న గురు అనే ఊరి దగ్గర, నాటు తుపాకులు, కత్తులు పట్టుకున్న టిబెటన్లు మాక్సిమ్ మెషిన్ గన్ల ముందు వందల్లో చనిపోయారు. ఆగస్టుకు సైన్యం టిబెట్ రాజధాని లాసా చేరింది. సెప్టెంబరు 7న రాయించుకున్న ఒప్పందంలో యుద్ధ ఖర్చుల కింద టిబెట్ 75 లక్షల రూపాయలు కట్టాలన్నారు, తర్వాత 25 లక్షలకు తగ్గించారు. దేశం వాళ్లది, దాడి వీళ్లది, బిల్లు మళ్లీ వాళ్లకే! ఈ దారిలో సామాన్లు మోసిన కూలీలకైతే నాకు ఒక్క బోర్డూ కనిపించలేదు.

నాథులా చూడదగ్గదే, కానీ వేరే పర్మిట్, పెద్ద క్యూ. రెండిట్లో ఒకటే కుదిరితే నా ఓటు కుపుప్‌కు. చిన్నపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం రాత్రి జులుక్‌లోనే ఆగి, నాథాంగ్ పగటిపూట చూసి దిగిపోండి.