ఫీజు లేని లా కాలేజీనా, అప్పు చేసి ఎన్‌ఎల్‌యూనా: ఏది మేలు?

మా మేనకోడలు ఒక ఆదివారం పొద్దున్నే నర్సరావుపేట నుంచి మొదటి బస్సెక్కి మా ఇంటికొచ్చింది. చేతిలో నోట్‌బుక్. పేజీ మధ్యలో స్కేలుతో గీసిన గీత. ఎడమవైపు ‘ఎన్‌ఎల్‌యూ’, అంటే నేషనల్ లా యూనివర్సిటీ అని రాసి, దాని కింద ట్యూషన్ ఫీజు, హాస్టల్, మెస్, రానుపోను ఛార్జీలు వేసింది. కుడివైపు ‘లాసెట్’, అంటే మన రాష్ట్రాల లా ప్రవేశ పరీక్ష అని రాసి, దాని కింద సున్నా, సున్నా, బస్ పాస్ అని వేసింది. “ఏది మేలు మామయ్యా?” అంది, కాఫీ కూడా తాగకుండా.

గుంటూరు కోర్టులో 22 ఏళ్లుగా నల్లకోటు వేసుకుంటున్నాను. అందుకని చుట్టాల్లో ఎవరింట్లో లా మాట వచ్చినా నా దగ్గరికే పంపుతారు. పిల్ల రాసిన అంకెల్లో తప్పేమీ లేదు. కాకపోతే రెండు వరసలూ ఐదో ఏడాది దగ్గర ఆగిపోయాయి. ప్లీడరు చదువుకు ఖర్చు అక్కడితో ఆగదు. పట్టా చేతికొచ్చాక కోర్టులో నిలదొక్కుకునే మూడేళ్లు ఉంటాయి, చేతికి డబ్బు రాని మూడేళ్లు. లెక్క వెయ్యాల్సింది ఎనిమిదేళ్లకు. పెన్ను తీసుకుని రెండువైపులా కిందికి మూడేసి గళ్లు గీశాను.

ముందు ఎడమవైపు. బెంగళూరు నేషనల్ లా స్కూల్ నమూనాలో మనకు 1998లో శామీర్‌పేటలో నల్సార్ వచ్చింది, 2008లో విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ వచ్చింది. వీటికి దారి క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, అంతా ఇంగ్లీషే. సీటొస్తే ఖర్చు పెద్దది. సబ్బవరంలోనే ఐదేళ్లకు అన్నీ కలిపి పది లక్షల పైమాట, నల్సార్ అయితే అంతకంటే ఎక్కువ.

రూ.12 లక్షలు అప్పు చేశామనుకుందాం. బ్యాంకు ఏడాదికి 2.4 లక్షల చొప్పున ఇస్తుంది, వడ్డీ 10 శాతం. చదువయ్యాక ఇంకో ఏడాది దాకా కిస్తీ కట్టక్కర్లేదని మేనేజరు నవ్వుతూ చెబుతాడు. వడ్డీ మాత్రం మొదటి విడత పడ్డ రోజు నుంచే నడుస్తుంది. మధ్యలో ఏమీ కట్టకపోతే, కిస్తీ మొదలయ్యేనాటికి మామూలు వడ్డీ లెక్కకే 4.8 లక్షలు చేరి బాకీ 16.8 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు రూ.22,200. మా కోర్టులో జూనియర్‌కు నెలకు అంత ఇచ్చే సీనియరు నాకు తెలిసినవాళ్లలో లేడు. అంటే ఈ అప్పుతో బయటికొచ్చిన పిల్లకు జిల్లా కోర్టు వైపు చూసే వీలుండదు. నచ్చినా నచ్చకపోయినా ముంబై, ఢిల్లీ లా ఫర్మ్‌కే పోవాలి.

పోగలిగితే తప్పేం లేదు. దేశంలో మొదటి వరసలో ఉండే ఫర్మ్‌లు కొత్తవాళ్లకే ఏడాదికి 15 లక్షలకు పైన ఇస్తాయి. ఆ జీతంలో 22 వేల కిస్తీ ఒక లెక్క కాదు. అయితే ఆ ఫర్మ్‌లు అన్ని గేట్ల దగ్గరా ఆగవు. బెంగళూరు, ఢిల్లీ, నల్సార్, కోల్‌కతా లాంటి నాలుగైదు చోట్లకు గంపగుత్తగా వచ్చి, నాలుగో ఏడాదిలోనే పిల్లల్ని ఏరుకుంటాయి. మిగతా చోట్ల ఎవరికి వాళ్లు ఇంటర్న్‌షిప్‌లు వెతుక్కుని, అక్కడ పని చూపించి ఉద్యోగం సంపాదించుకోవాల్సిందే. నేషనల్ లా యూనివర్సిటీలు ఇప్పుడు పాతికకు చేరాయి. బోర్డు మీద పేరు ఒకలాగే ఉంటుంది, ఫీజూ ఇంచుమించు ఒకలాగే ఉంటుంది, ఉద్యోగాలివ్వడానికి క్యాంపస్‌కొచ్చే కార్లు మాత్రం ఒకలా ఉండవు. అందుకే ‘హయ్యెస్ట్ ప్యాకేజీ ఎంత’ అని అడగొద్దని చెప్పాను. బ్యాచ్‌ను జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లకు ఎంతొచ్చింది, ఎంతమందికి అసలు ఏమీ రాలేదు, ఈ రెండూ అడగమన్నాను. జవాబు నసిగితే అదే జవాబు.

ఇక్కడ స్కాలర్‌షిప్ మాట రావాలి. ఎన్‌ఎల్‌యూ అంటే జేబు నుంచే కట్టాలని చాలా ఇళ్లల్లో అనుకుని అక్కడే ఆగిపోతారు. ఎస్సీ పిల్లలకు కేంద్రం ‘టాప్ క్లాస్’ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, జాబితాలో ఉన్న సంస్థల్లో ట్యూషన్ ఫీజు మొత్తం భరిస్తుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు పీఎం-యశస్వి కింద అలాంటిదే ఉంది, ఆదాయ పరిమితి మాత్రం 2.5 లక్షలు. ఒక్కో సంస్థకు ఇన్ని అని లెక్క ఉంటుంది కాబట్టి సీటు వచ్చిందని చంకలు గుద్దుకోకుండా, ‘మీ దగ్గర ఎన్ని స్లాట్లున్నాయి, పోయినేడు ఎంత ర్యాంకు దాకా అందాయి’ అని ఆఫీసుకు ఈమెయిల్ పెట్టాలి. నోటిమాట వద్దు. 2024లో వచ్చిన పీఎం-విద్యాలక్ష్మి కింద, జాబితాలోని సంస్థల్లో చేరితే తాకట్టు లేకుండా లోన్ ఇస్తారు. 8 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకు 10 లక్షల అప్పు దాకా, కిస్తీ మొదలయ్యే వరకు వడ్డీ రేటులో 3 శాతం మేర ప్రభుత్వం భరిస్తుంది. పల్లెటూరి పిల్లలకు, పేదింటి పిల్లలకు క్లాట్ కోచింగ్ నుంచి ఫీజు సాయం దాకా చూసే ‘ఐడియా’ అనే సంస్థ కూడా ఉంది. లా ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ 2010లో మొదలుపెట్టారు. ఈ తలుపులన్నీ తట్టకుండా ‘మనవల్ల కాదులే’ అనుకోవడం నాకు నచ్చదు.

కుడివైపుకు వద్దాం. లాసెట్ రెండు రాష్ట్రాలకూ వేరువేరు. రాస్తే ఏపీలో ఆంధ్రా యూనివర్సిటీ, నాగార్జున, తెలంగాణలో ఉస్మానియా, కాకతీయ క్యాంపస్‌లు, వాటి కింద బోలెడు ప్రైవేటు కాలేజీలు. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, పేపరు తెలుగులోనూ ఉంటుంది. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఫీజు వేలల్లోనే. కన్వీనర్ కోటాలో సీటొచ్చి, ఆదాయం, కులం అర్హత సరిపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాకు అది రాదు, చాలామంది తెలియక చేరి బోర్లా పడతారు.

మా పిల్ల వేసిన సున్నా కూడా పూర్తి సున్నా కాదు. ప్రభుత్వం డబ్బు విడుదల చెయ్యడం ఆలస్యమైతే, బకాయి కడితేనే సర్టిఫికెట్లని కాలేజీలు కూర్చోవడం తెలుగు రాష్ట్రాల్లో ఏటా చూస్తున్నదే. ఇంజినీరింగ్ పిల్లాడికైనా తిప్పలే గానీ, లా పిల్లకు మరీ కష్టం. సర్టిఫికెట్లు లేకుండా బార్ కౌన్సిల్‌లో ప్లీడరుగా పేరు నమోదు చేసుకోవడం, అంటే ఎన్‌రోల్ అవ్వడం కుదరదు. ఎన్‌రోల్ కాకపోతే ప్రాక్టీసు ఏళ్లు లెక్కలోకి రావు. ఆ ఏళ్ల విలువ ఎంతో కింద చెబుతాను.

ఈ కాలేజీల గొప్ప చెప్పడానికి మావాళ్లు ఎప్పుడూ పెద్ద పేర్లే తీస్తారు. జస్టిస్ ఎన్‌.వి. రమణ నాగార్జునలో చదివి దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, జస్టిస్ చలమేశ్వర్ ఆంధ్రా యూనివర్సిటీలో చదివి సుప్రీంకోర్టుకు వెళ్లారు. నిజమే. కానీ వాళ్లు చదివేనాటికి దేశంలో ఎన్‌ఎల్‌యూ అన్నదే లేదు. ఆ పేర్లు చూపించి ఈనాటి పదిహేడేళ్ల పిల్లకు భరోసా ఇవ్వడం సరికాదు. నా అనుభవం చెబుతాను. మా కాలేజీలో కాంట్రాక్ట్ చట్టం బాగానే చెప్పారు, కాంట్రాక్టు ఎలా రాయాలో ఒక్కరూ చెప్పలేదు. కొన్ని సబ్జెక్టులకు మాస్టారే రాలేదు. గైడు చదివి పరీక్ష రాశాం. అలాంటి చోట పిల్ల సొంతంగా చదువుకోవాలి, రెండో ఏడాది నుంచే ఏదో ఒక ఆఫీసులో కూర్చోవాలి. కూర్చుంటే మాత్రం ఊళ్లో కాలేజీకి ఎన్‌ఎల్‌యూలో దొరకని లాభం ఒకటుంది.

మూడేళ్ల కిందట ఒక ఎన్‌ఎల్‌యూ కుర్రాడు మా ఆఫీసులో చేరాడు. రిట్ పిటిషన్ రాస్తే చదివి ముచ్చటపడేవాణ్ని. మొదటి వారం ఒక హద్దుల దావాలో సాక్షి బోనెక్కి “డొంక దాటాక చింతచెట్టు గట్టు దాకా మాదేనండి” అన్నాడు. జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తున్నారు, మా వాడు నోట్సు రాసుకుంటున్నాడు. కాగితం చూస్తే డొంక అన్నచోట ఖాళీ వదిలేశాడు. ఆ దావా మొత్తం ఆ డొంక మీదే ఉంది. డొంక అంటే బండిబాట, అది ఎక్కడ మొదలవుతుందో తెలియకపోతే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏం అడుగుతావు? మూడు నెలల్లో నేర్చుకున్నాడు, కాదనను. నేనేమో 22 ఏళ్లయినా ఒక జాయింట్ వెంచర్ అగ్రిమెంట్ సొంతంగా రాయలేను. రెండు చోట్లా రెండు రకాల లోట్లు. వాడిది తొందరగా పూడింది.

ఇప్పుడు కింద గీసిన మూడు గళ్లు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఇప్పుడు బరువు కాదు. 2024 జులైలో సుప్రీంకోర్టు రూ.750కి మించి తీసుకోవద్దంది, ఎస్సీ, ఎస్టీలకు రూ.125. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో వేలల్లో గుంజేవారు. అసలు బరువు ఇల్లు గడవడం. నేను చేరినప్పుడు మా సీనియరు మొదటి ఎనిమిది నెలలు పైసా ఇవ్వలేదు, దసరాకు ఒక ప్యాంటు గుడ్డ ఇచ్చారు. భోజనం మా అన్నయ్య ఇంట్లో కాబట్టి నెగ్గుకొచ్చాను. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇమ్మని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సలహా ఇచ్చింది. సలహానే, ఆదేశం కాదు.

పైగా 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో పట్టా రాగానే రాసేవారు. మూల వేతనమే రూ.77,840 నుంచి మొదలయ్యే ఉద్యోగం అది. మధ్యతరగతి ఇళ్లల్లో ఆడపిల్లను లా చదివించడానికి ఒప్పుకునేది చాలావరకు ఆ ఉద్యోగం మీద ఆశతోనే. ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకూ మూడేళ్లు కావాలి. అంటే జడ్జి కావాలనుకునే పిల్లకు ఆ మూడు గళ్లూ దాటక తప్పదు. అక్కడ నెలనెలా 22 వేల కిస్తీ నెత్తిన ఉన్న పిల్లకూ, ఏ బాకీ లేని పిల్లకూ తేడా ర్యాంకుల్లో కనపడదు.

ప్రైవేటు యూనివర్సిటీల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ‘50 శాతం స్కాలర్‌షిప్’ అని ఫోన్ చేస్తారు. ట్యూషన్ 4 లక్షలైతే సగం పోగా మిగిలేది 2 లక్షలు, పైన హాస్టల్. ఎన్‌ఎల్‌యూ ఖర్చుకు ఎన్‌ఎల్‌యూ పేరు లేని సీటు. ఏటా ఇంత సీజీపీఏ, అంటే మార్కుల సగటు ఉంటేనే కొనసాగుతుందన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొదటి ఏడాది తగ్గిందో, రెండో ఏడాది పూర్తి ఫీజు.

మూడో దారి మా పిల్ల పేజీలో లేదు. ఊళ్లో డిగ్రీ చేసి, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాసి ఢిల్లీ యూనివర్సిటీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. ఫీజు తక్కువ, సుప్రీంకోర్టు, హైకోర్టు మెట్రో దూరంలో. ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, గది అద్దె ఉంటుంది. కోర్టులో కేసులు వాదించడం మీద పిచ్చి ఉన్నవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను. మా చెల్లెలు వింటే ఢిల్లీ అనగానే టెన్షన్ పడుతుందని తెలిసే ఆ రోజు గొంతు తగ్గించి చెప్పాను.

ఇంకో చిక్కు తేదీలది. క్లాట్ డిసెంబర్లో, దాని సీట్ల కేటాయింపు లాసెట్ కంటే చాలా ముందే మొదలవుతుంది. లాసెట్ కౌన్సెలింగ్ ఆ తర్వాత ఎప్పుడో. అంటే కుడివైపు ఏం వస్తుందో తెలియకుండానే ఎడమవైపు డబ్బు కట్టాలా మానాలా తేల్చుకోవాలి. ముందుగానే ఇంట్లో కూర్చుని, ఏ ర్యాంకు దాకా వెళ్లాలి, ఏ ర్యాంకు దాటితే వదిలేయాలి అని ఒక గీత గీసుకోవడం మంచిది.

నా గీత ఇది. మొదటి నాలుగైదు ఎన్‌ఎల్‌యూల్లో సీటొస్తే, ఫర్మ్‌లో కనీసం మూడు నాలుగేళ్లు చెయ్యడానికి పిల్ల మనస్ఫూర్తిగా సిద్ధపడితే, అప్పు చేసైనా పంపిస్తాను. టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ చేతికొస్తే ఏ ఎన్‌ఎల్‌యూ అయినా పంపిస్తాను. స్కాలర్‌షిప్ లేకుండా, ర్యాంకు అడుగున ఉండి, ఎక్కడో తెలియని ఊళ్లో పూర్తి ఫీజు కట్టే సీటైతే వద్దంటాను. యూనివర్సిటీ క్యాంపస్‌లో చేర్చి, ఎలాగూ ఖర్చుపెడదామనుకున్న దాంట్లో మూడో వంతు బ్యాంకులో వేసి, ఆ మూడు గళ్లలో నెలకు పదివేలు పిల్లకు పంపమంటాను. 36 నెలలకు అయ్యేది 3.6 లక్షలే.

ఇదంతా విని మా పిల్ల కింది మొదటి గడిలో పెన్ను పెట్టింది. “మరి నీ జూనియర్‌కి నువ్వెంత ఇస్తున్నావు మామయ్యా?”

“ఎనిమిది వేలు.”

ఏమీ అనలేదు. గడిలో 8,000 అని రాసి, రెండో గడి ఖాళీగా ఉంచి, నా వైపు చూసింది.