షామోనీ యూటీఎంబీ రేసు: కొండ దిగడం నేర్చుకున్నాకే డబ్బు కట్టండి

ఫ్రాన్స్‌లోని షామోనీ ఊరి నడిబొడ్డున, ఆగస్టు నెలాఖరులో ఒక శుక్రవారం సాయంత్రం మొదలయ్యే పరుగు అల్ట్రా ట్రైల్ దు మాంట్ బ్లాంక్, పొట్టిగా యూటీఎంబీ. ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ తిరిగి, ఇటలీ, స్విట్జర్లాండ్ దాటి మళ్లీ బయల్దేరిన చోటికే వస్తుంది. దూరం 170 కిలోమీటర్ల పైచిలుకు. మొత్తం ఎక్కాల్సింది దాదాపు 10,000 మీటర్లు. గడువు 46 గంటల 30 నిమిషాలు. పదివేల మీటర్లంటే అలిపిరి నుంచి తిరుమలకు నడకదారిన పద్నాలుగు సార్లు ఎక్కినంత. ఎక్కినదంతా దిగాలి కూడా. చాలామంది లెక్కలోకి తీసుకోనిది ఆ దిగుడునే.

2003లో మొదటిసారి పెట్టినప్పుడు ఏడు వందల మంది దాకా బయల్దేరితే, పాడు వాతావరణంలో పూర్తి చుట్టు తిరిగొచ్చింది 67 మంది. ఆ ఏడు గెలిచింది నేపాల్‌కు చెందిన దావా షెర్పా. ఇప్పుడు రెండున్నర వేల మంది దాకా పరుగెడుతున్నారు, ఏర్పాట్లు ఎంతో మెరుగయ్యాయి. అయినా దాదాపు మూడో వంతు మంది మధ్యలోనే ఆగిపోతారు. వాళ్లలో ఊపిరి చాలక ఆగేవాళ్లు తక్కువ. తొడలు పట్టేసో, తిన్నది కడుపులో నిలవకో, గడువు దాటిపోయో ఆగేవాళ్లే ఎక్కువ. ఈ రేసు బాగుందా లేదా అన్నది కూడా అక్కడి నుంచే చూడాలి.

ప్రవేశం లాటరీ మీద. లాటరీలో పేరు పడాలంటే యూటీఎంబీ నిర్వాహకులే వేరే దేశాల్లోనూ నడిపే వరల్డ్ సిరీస్ రేసుల్లో పరుగెత్తి 'రన్నింగ్ స్టోన్స్' అనే లాటరీ పాయింట్లు సంపాదించాలి, 100 కిలోమీటర్లు లేదా 100 మైళ్ల విభాగంలో వాళ్ల ఇండెక్స్, అంటే పాత పరుగులను బట్టి ఇచ్చే స్కోరు, కూడా ఉండాలి. హైదరాబాద్, విజయవాడ నుంచి వెళ్లేవాళ్లకు థాయిలాండ్, మలేసియాల్లో జరిగే ఆ సిరీస్ రేసులు దగ్గర పడతాయి. మూడు దేశాలు దాటినా షెంగెన్ వీసా ఒక్కటి చాలు. ఫోన్ రోమింగ్ మాత్రం స్విట్జర్లాండ్‌లో కూడా పనిచేసేది తీసుకోండి. యూరప్ ప్యాకులు కొన్ని ఆ దేశాన్ని కలపవు, పనిచేసే ఫోనేమో తప్పనిసరి సామాన్ల జాబితాలో ఉంది.

ఇక దారి. మొదటి 8 కిలోమీటర్లు, లేజూష్ ఊరి దాకా, దాదాపు చదును. జనం అరుపులు, చప్పట్ల మధ్య అందరూ తమ శక్తికి మించి పరుగెడతారు. తర్వాతి ఎక్కుడు, సెంజెర్వే వైపు దిగుడు అయ్యాక, 31వ కిలోమీటరులో లే కాంటమీన్ వస్తుంది. అప్పటికే రొప్పుతూ ఉంటే మిగతా 140 కిలోమీటర్లు కష్టమే. అక్కడి దాకా పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి.

అసలు పరీక్ష చీకట్లో వస్తుంది. క్రోవా దు బొనొమ్ అనే కనుమ 2,479 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి లే షాపియో దాకా, అంటే 1,549 మీటర్లకు, ఒకే దెబ్బన దిగాలి. రాత్రి చల్లగా ఉంటుంది, కాళ్లు ఇంకా తాజాగానే ఉంటాయి కాబట్టి ఉరుకుతారు. తర్వాత 2,516 మీటర్ల ఎత్తున్న కోల్ ద లా సేన్య్ కనుమ ఎక్కి ఇటలీలోకి అడుగుపెట్టి, ఇంకో గట్టు దాటి, మేజోఁ వియే నుంచి కూర్మయూర్ ఊరికి మళ్లీ 750 మీటర్లు దిగాలి. అడవిలో మలుపు మీద మలుపు, అడుగడుగునా చెట్ల వేర్లు, వాన లేకపోతే మడమ లోతు దుమ్ము. ముందు మనిషి లేపిన దుమ్ములో వేరు ఎక్కడుందో లైటు వెలుగులో కూడా కనబడదు. 80వ కిలోమీటరు దగ్గర కూర్మయూర్ విశ్రాంతి హాల్లో మెట్లు దిగడానికి గోడ పట్టుకునేవాళ్లను చూస్తే ఆ రెండు దిగుళ్లు ఏం చేశాయో అర్థమవుతుంది.

ఎందుకలా అవుతుందంటే, ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే బ్రేకు వేయాలి. ఆ సాగుడులో కండరపు నారలకు సన్నటి చిరుగులు పడతాయి, బలం పడిపోతుంది, నొప్పి మర్నాటికి ముదురుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఎంత గట్టివైనా దీన్ని ఆపలేవు. ఆపగలిగేది ముందే దిగి ఉండటం ఒక్కటే. ఒకసారి గట్టిగా దిగిన కండరానికి కొన్ని వారాల పాటు రెండో దెబ్బ తక్కువగా తగులుతుంది. కాబట్టి చివరి పెద్ద దిగుడు సాధనను రేసుకు రెండున్నర, మూడు వారాల ముందు పెట్టుకోవాలి. రేసు వారంలో వద్దు.

కొండల్లేని ఊళ్లో ఉంటే? ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంటు చాలు. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున ఒకసారి దిగితే 90 మీటర్లు. లిఫ్టులో పైకి వెళ్లి మెట్ల మీద పదిసార్లు దిగితే 900, అంటే లే షాపియో దిగుడుకు దగ్గరదగ్గర. మొదటి వారం మూడుసార్లతో మొదలుపెట్టి, వారానికొకటి రెండు పెంచుకుంటూ పోవాలి. మొదటిరోజే పది దిగితే వారం రోజులు కుర్చీలోంచి లేవడం కష్టమవుతుంది. మెట్లు నేర్పనిది రాయి, వేరు, జారుడు. దానికోసం నెలకోసారైనా అరకు, అనంతగిరి, లేదంటే సహ్యాద్రి దారుల్లోకి వెళ్లాల్సిందే. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, వేగంగా పడాలి. చూపు మూడు, నాలుగు మీటర్ల ముందుండాలి. వెనక్కి వాలి మడమతో బ్రేకు వేస్తే తొడల పని పెరుగుతుంది. బూటు అర సైజు పెద్దది తీసుకుని, పై రంధ్రం దాకా లేసు బిగించండి. లేకపోతే పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది, వందో కిలోమీటరు తర్వాత ఊడుతుంది.

ఎక్కుడు గురించి ఒక్కటే మాట: నడవండి. ఏటవాలు 15 డిగ్రీలు దాటాక అదే వేగంలో పరుగు కంటే నడకకే శక్తి తక్కువ ఖర్చవుతుంది. చేతి కర్రలు ఈ రేసులో నిజంగా పనికొస్తాయి. మోచేయి లంబకోణంలో ఉండేంత పొడవు సరిపోతుంది. రూలు ఏమిటంటే, కర్రలతో బయల్దేరితే చివరిదాకా మోయాలి, మధ్యలో ఎవరికీ ఇవ్వకూడదు, ఎవరి దగ్గరా తీసుకోకూడదు. వాటితో సాధన చేయనివాళ్లు అక్కడికొచ్చి కొత్తగా కొనుక్కుంటే భుజాలు పట్టేస్తాయి.

తిండి విషయంలో నిర్వాహకులకు మంచి మార్కులే వేయాలి. దారిలోని విశ్రాంతి కేంద్రాల్లో సేమ్యా లాంటి నూడుల్స్ వేసిన వేడి సూప్, చీజ్, బ్రెడ్, అరటిపళ్లు, నారింజలు, చాక్లెట్, కోలా దొరుకుతాయి. గ్లాసు ఇవ్వరు, మీ సొంత కప్పు తెచ్చుకోవాలి. శాకాహారులు సూప్ గిన్నెలో పోయించుకునే ముందే అడగాలి, పక్కనే సాసేజ్ ముక్కలు కూడా ఉండొచ్చు. మన నాలుకకు ఆ రుచులు రెండో రాత్రికి మొహం మొత్తుతాయి కాబట్టి సొంతవి కొన్ని ఉండాలి. ఖర్జూరం, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప బాగా పనిచేస్తాయి. పల్లి చిక్కీ చిన్న ముక్కలుగా నెమ్మదిగా నడిచే చోట్ల పరవాలేదు, కానీ అందులోని నూనె వల్ల అరుగుదల ఆలస్యం. పాలకోవా, సున్నుండలు వద్దు. పాల ఉత్పత్తులను భారత్ నుంచి యూరప్‌లోకి తేనివ్వరు, నెయ్యి కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగు గంటకు 60 గ్రాములకు మించి పీల్చుకోలేదు. ఫ్రక్టోజ్ కలిస్తే వేరే దారిన పోతుంది కాబట్టి 90 దాకా సాగుతుంది. కడుపుకు కూడా సాధన కావాలి. రెండు నెలల పాటు వారాంతపు పొడవాటి పరుగుల్లో ఇదే తిండి, ఇదే మోతాదు అలవాటు చేయాలి. నీళ్లు దాహం ప్రకారం. భయంతో మంచినీళ్లు మాత్రమే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటుంది, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. దాన్ని నీరసం అనుకుని ఇంకా తాగేవాళ్లున్నారు, అది ప్రాణం మీదికి తెస్తుంది. అలాగే ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు. నీరు తగ్గిన శరీరంలో, కండరం చెడి మూత్రపిండాల మీద భారం ఉన్నప్పుడు, అవి ఆ భారాన్ని పెంచుతాయి. జేబులో పెట్టుకోకండి.

గడియారం సంగతి చూద్దాం. దారిలో పది, పదిహేను చోట్ల ఆగే వీలుంది. ఒక్కో చోట పది నిమిషాలు కూర్చుంటే, పదిహేనింటికి రెండున్నర గంటలు. గడువుకు దగ్గరగా నడిచేవాళ్లకు రేసు పోయేది అక్కడే. లోపలికి అడుగుపెట్టే ముందే ఏం చేయాలో వరస అనుకోండి: సీసాలు నింపడం, కప్పులో సూప్, చేతిలో తిండి, బయటికి. కూర్మయూర్‌లో మాత్రం ఇరవై నిమిషాలు కేటాయించండి. మీ 30 లీటర్ల సంచి అక్కడికి వస్తుంది. పొడి సాక్సులు, చొక్కా, లైటు బ్యాటరీ, వాజిలిన్ దాంట్లో పెట్టుకోవాలి. పాదాలు తుడిచి ఆరబెట్టకుండా కొత్త సాక్సులు వేసుకుంటే లోపలి తడికి చర్మం తెల్లగా ముడుచుకుని, తర్వాతి దిగుడులో బొబ్బ కడుతుంది. సహాయకుడిని ఒకరినే అనుమతిస్తారు, అదీ కొన్ని కేంద్రాల్లోనే.

సామాన్ల తనిఖీ కఠినమని విసుక్కునేవాళ్లున్నారు, కానీ ఈ రేసుకున్న మంచి గుణాల్లో అదొకటి. తలకప్పుతో, కనీసం 10,000 మిల్లీమీటర్ల నీటి పీడనం ఆపే జాకెట్, తలలైట్లు, 1.40 బై 2 మీటర్ల ప్రాణరక్షణ దుప్పటి, విజిల్, లీటరు నీళ్లు, కొంత తిండి, 100 సెంటీమీటర్ల సాగే పట్టీ, టోపీ, చేతిగ్లౌజులు ఉండాల్సిందే. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు పడిపోతుంది, పైన గాలి ఉంటే ఇంకా చలి. 2010లో రాత్రి వాతావరణం చెడి రేసును ఆపేశారు, 2012లో మంచు వల్ల దారి కుదించి ఫ్రాన్స్‌లోనే నడిపారు. మన వానాకాలపు రెయిన్‌కోటు చెమటను లోపలే పట్టేస్తుంది, అక్కడ తడి అంటే చలి. చెమట బయటికి పోయే మంచి జాకెట్ మీదే ఖర్చు పెట్టండి, మిగతావి మామూలువి అయినా నడుస్తాయి.

మగవాళ్లలో గెలిచేవాళ్లు ఇరవై గంటల లోపే తిరిగొస్తున్నారు. 2023లో గెలిచిన అమెరికన్ జిమ్ వామ్స్‌లీ 19 గంటల 37 నిమిషాల్లో పూర్తిచేశాడు. నలభై గంటలు పట్టేవాళ్లకు రెండు రాత్రులు నిద్రలేదు. రెండో రాత్రి మూడు, ఐదు గంటల మధ్య రాయి కుక్కలా, చెట్టు మనిషిలా కనబడుతుంది. అప్పుడు పావుగంట కునుకు, తర్వాత కాఫీ. మొదటి రాత్రే కెఫిన్ మొత్తం వాడేస్తే ఆ వేళకు ఏమీ మిగలదు.

మెచ్చుకోవాల్సినవి: దారి గుర్తులు చీకట్లో లైటు పడగానే మెరుస్తాయి, దారి తప్పడం అరుదు. పెద్ద కేంద్రాల్లో డాక్టర్లు, పాదాలు చూసేవాళ్లు ఉంటారు. మెచ్చలేనివి: మొదటి ముప్పై కిలోమీటర్లలో సన్నదారుల దగ్గర క్యూ కట్టాలి, వెనక బయల్దేరినవాళ్లకు అక్కడే విలువైన నిమిషాలు పోతాయి. ఆ వారం షామోనీలో గది అద్దెలు మండిపోతాయి. లేజూష్, వాలోర్సీన్ వైపు ముందే బుక్ చేసుకుంటే కాస్త తగ్గుతుంది.

ఎవరికి పనికొస్తుందంటే, ఒక రోజులో 1,500 మీటర్లు దిగి మర్నాడు మెట్లు దిగగలిగినవాళ్లకు, ఆరు గంటలు పరుగెడుతూ తిని వాంతి చేసుకోనివాళ్లకు. ఆ రెండూ ఇంకా రాకపోతే అదే వారంలో వీళ్లే నడిపే చిన్న రేసు ఓసీసీ చూడండి, 60 కిలోమీటర్లకు అటూఇటూ, దాదాపు 3,500 మీటర్ల ఎక్కుడు. దాని ఆఖరి దిగుడు లా ఫ్లెజేర్ నుంచి షామోనీకి, పెద్ద రేసుకు ఉన్నదే. వేర్ల మీదుగా 800 మీటర్లు దిగుతుంటే తొడలు ఏమంటాయో వినండి. తర్వాత పెద్ద రేసు లాటరీలో పేరు వేయాలో లేదో మీకే తెలుస్తుంది.